వేసవి సెలవులు: పగలు సినిమా, సాయంత్రం కచేరీ. మా మేనకోడలిని కచేరీలో కూర్చోబెట్టడం ఎలా?

ఎంవీపీ_మావయ్య:
అందరికీ నమస్కారం. మా అక్క కూతురు టెన్త్ పరీక్షలు రాసేసి రాజాం నుంచి మా ఇంటికి వచ్చింది, జూన్‌లో కాలేజీలు తెరిచేదాకా ఇక్కడే ఉంటుంది. పిల్లకి సినిమా అంటే ప్రాణం. ఊరికే చూసి వచ్చేయడం కాదండి, పాటలన్నీ పాడుతుంది, ఇంటర్వెల్ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ కూడా నోటితో వాయించేస్తుంది, చెవి చాలా బాగుంది. సంగీతం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, వాళ్ల ఊళ్లో ఆ వీలు కుదరలేదు.

ఇప్పుడు సంగతేంటంటే, వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి కదా, మా దగ్గర గుడి వాళ్లు ఏటా లాగే వరసగా కొన్ని సాయంత్రాలు సంగీతోత్సవం పెడుతున్నారు. మొదటి రోజు పొద్దున్న సప్తగిరి సంకీర్తనల (అన్నమయ్య పాటలు ఏడు) గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పాడటం, తర్వాత రోజూ సాయంత్రం గాత్ర కచేరీ, ఒకరోజు వీణ. నాకు చిన్నప్పట్నుంచి వినడం అలవాటు, మా నాన్నగారు తీసుకెళ్లేవారు. ఈ పిల్లకి కూడా ఆ రుచి తగిలితే బాగుణ్ణు అని నా ఆశ. పోయిన నెల ఒక కచేరీకి తీసుకెళ్తే అరగంట బానే కూర్చుంది, రాగాలాపన మొదలయ్యేసరికి "మావయ్యా పాట ఎప్పుడు మొదలెడతారు" అంది. ఆ ప్రశ్నకి దానికి అర్థమయ్యేలా జవాబు చెప్పడం నాకు చేతకాలేదు, విని ఆనందించడమే తెలుసు గానీ విడమర్చి చెప్పేంత శాస్త్రం నాకు రాదు.

అందుకని రెండు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, ఈ నెలంతా సినిమాలు చూపిస్తానని మాటిచ్చాను, సౌండ్ బాగుండే హాలు, పెద్ద తెర ఉన్న హాలు వైజాగ్‌లో ఇప్పుడు ఏది మేలు, సాయంత్రం కచేరీకి ఇబ్బంది లేకుండా ఏ ఆటకి వెళ్తే కుదురుతుంది. రెండోది, సినిమా పాట మీద ఉన్న ఇష్టాన్ని పట్టుకుని కచేరీలోకి ఎలా తీసుకురావాలి. బలవంతం పెట్టడం నాకు ఇష్టం లేదు, అలాగని ఇంత మంచి చెవి ఉన్న పిల్ల దీన్ని రుచి చూడకుండా వెళ్లిపోవడం కూడా ఇష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి దయచేసి.

జగదాంబ_జంక్షన్_కుర్రోడు:
సినిమా సంగతి నేను చెప్తా మావయ్య గారూ. ఈ ఎండల్లో మార్నింగ్ షో గానీ మ్యాట్నీ గానీ పెట్టుకోండి, మే నెల ఉక్కలో మధ్యాహ్నం బయట తిరగలేం ఎలాగూ, మ్యాట్నీ వదిలేసరికి సముద్రం గాలి తిరిగి ఉంటుంది, అక్కడ్నించి ఇంటికెళ్లి మొహం కడుక్కుని కచేరీకి టైముకి చేరిపోతారు. ఫస్ట్ షో మాత్రం ఉత్సవం అయ్యేదాకా మర్చిపోండి, రెండూ ఒకే టైము.

హాలు అంటారా, నేను జగదాంబలో చూస్తూ పెరిగాను కాబట్టి నా ఓటు అటే పడుతుంది, 70 ఎంఎం తెర మీద సినిమా చూడ్డం ఎలా ఉంటుందో సింగిల్ స్క్రీన్‌లో చూస్తే గాని తెలీదు. హాలు పేరే జంక్షన్‌కి వచ్చిందంటే ఊరికి అది ఎంత ముఖ్యమో చూడండి. శారద, రమాదేవి అక్కడే, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు వైపైతే సంగం శరత్. మల్టీప్లెక్స్ కావాలంటే బీచ్ రోడ్డులో వరుణ్ ఐనాక్స్ ఉంది, సినిమా అయ్యాక రోడ్డు దాటితే సముద్రం, మురీ మిక్చర్ తింటూ కూర్చోవచ్చు. కానీ మీ పిల్లకి పాట మీద ధ్యాస అన్నారు కాబట్టి ఒక మాట. ముందు వరసల్లో వద్దు, గోడ పక్కన అసలే వద్దు. హాలు పొడవులో సుమారు మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చి మధ్యలో సీటు తీసుకోండి. అక్కడైతే ఎడమ కుడి స్పీకర్లు, వెనక సరౌండ్ సమంగా వినిపిస్తాయి, గాయకుడి గొంతు తెర మధ్యలోంచి వస్తున్నట్టు తెలుస్తుంది, తబలా ఎటు పెట్టారు వయొలిన్లు ఎటు పెట్టారు అన్నీ పట్టుకోవచ్చు. ఒక సినిమాకి గోడ పక్కన, ఇంకో సినిమాకి మధ్యలో కూర్చోబెట్టి చూడండి, చెవి ఉన్న పిల్ల కాబట్టి తేడా తనే చెప్తుంది మీకు.

ఇంకోటి, కొత్త సినిమాలే కాకుండా ఒకరోజు ఇంట్లో మరో చరిత్ర చూపించండి, 1978లో బాలచందర్ గారు మన వైజాగ్‌లో భీమిలిలో తీసింది, బ్లాక్ అండ్ వైట్. చూసిన మర్నాడు పొద్దున్నే 900కె బస్సు ఎక్కించి బీచ్ రోడ్డమ్మట భీమిలి తీసుకెళ్లండి. సినిమాలో చూసిన సముద్రం మన ఊరి సముద్రమే అని పిల్లకి తెలియడం చాలా బాగుంటుంది, నన్ను మా అన్నయ్య అలాగే తీసుకెళ్లాడు.

కచేరీల గురించి నాకు తెలీదు, పెద్దవాళ్లు చెప్పాలి.

మృదంగం_వెనక_బెంచీ:
మావయ్య గారూ, మీ మేనకోడలు అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దానికి సరైన జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. "పాట ఎప్పుడు మొదలెడతారు" అంటే, మొదలైపోయిందమ్మా అని చెప్పాలి. సినిమా పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోవాలి కాబట్టి రాగాన్ని పరిచయం చేసే టైము ఉండదు, పల్లవి చరణం మాటలతోనే నడుస్తుంది. కచేరీలో ఆలాపన అంటే మాట లేకుండా రాగం ఒక్కటే వినిపించడం, ఏ స్వరం మీద నిలబడుతున్నారు, దేన్ని ఊపి వదులుతున్నారు, ఎక్కడిదాకా పైకి వెళ్లి వస్తున్నారు అన్నది. ఆ రాగం ముందే పరిచయం ఉన్నవాళ్లకి ఆలాపన విసుగు రాదు. కాబట్టి కచేరీకి ముందే పరిచయం చేసెయ్యండి, అదీ సినిమాతోనే.

నేనైతే రెండే రాగాలు తీసుకుంటాను, ఎక్కువ వద్దు. మొదటిది మోహన. మాయాబజార్ 1957లో వచ్చింది, అందులో లాహిరి లాహిరి పాట మీ పిల్లకి వచ్చే ఉంటుంది, అది మోహనే. దాన్ని మాటలు తీసేసి ఊరికే ఆకారంతో, అంటే "ఆ" అంటూ పాడమనండి. ఆ వెంటనే చేరి యశోదకు శిశువితడు వినిపించండి, అన్నమయ్యది, అదీ మోహనలోనే పాడతారు, కచ్చితంగా ఈ ఉత్సవంలో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. తర్వాత త్యాగయ్య గారి నను పాలింప నడచి వచ్చితివో. మూడూ వరసగా వింటే సరస్సులో పడవ మీద వెన్నెలా, యశోద ఒళ్లో పిల్లాడూ, త్యాగయ్యని వెతుక్కుంటూ నడిచొచ్చిన రాముడూ, ఈ మూడూ అవే అయిదు స్వరాల్లో ఎలా ఇమిడాయో పిల్లకి వినపడుతుంది. స రి గ ప ద, అంతే, మ లేదు ని లేదు.

రెండోది హిందోళం. శంకరాభరణం చూపించండి ముందు, 1980 సినిమా, విశ్వనాథ్ గారిది, మహదేవన్ గారి సంగీతం. అందులో సామజవరగమనా అని మొదలయ్యే పాట హిందోళంలో ఎత్తుకుంటారు. అదే మాటతో త్యాగరాజస్వామి కృతి ఉంది, అదీ హిందోళమే, వేటూరి గారు ఆ ఎత్తుగడ తీసుకుని వేరే పాట రాశారు. ఇక అన్నమయ్య వైపు కొండలలో నెలకొన్న కోనేటి రాయడు, మళ్లీ హిందోళం. ఇక్కడ రి లేదు ప లేదు. మోహన విన్న చెవితో హిందోళం వింటే అయిదే స్వరాలున్న రెండు రాగాలు ఇంత వేరుగా ఎందుకున్నాయో అని తనే అడుగుతుంది, అడగకపోతే మీరు అడగండి.

దీనితో పాటు తాళం నేర్పండి, పది నిమిషాల పని. ఆదితాళం ఎనిమిది: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ తిప్పు, దెబ్బ తిప్పు. చెయ్యి తాళం వేస్తుంటే మనసు పక్కకి పోదు, ముఖ్యంగా తని ఆవర్తనంలో, అంటే పాట ఆపి మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే చోట. చాలామంది తని రాగానే కాఫీకి లేచి వెళ్లిపోతారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది, రెండు గంటలుగా గాయకుడి వెనక నిలబడిన మనిషికి దొరికే ఆ పావుగంట కూడా వినకపోతే ఎలాగండీ. మీ పిల్లని అప్పుడే వినమనండి, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ నోటితో వాయిస్తుందన్నారు కాబట్టి మృదంగం దానికి ఇట్టే ఎక్కేస్తుంది.

పోతే, బేగి వెళ్లండి. కచేరీ ఆరింటికంటే అయిదున్నరకే వెళ్లి మృదంగం కనబడే వైపు కూర్చోండి. శ్రుతి చేసుకోవడం చూపించాలి. ఎడమ వైపు తొప్పి మీద బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి అతికిస్తారు, ఆ ముద్ద వల్లే గుంకీ, అంటే జారుతూ మోగే ఆ లోతైన నాదం వస్తుంది, ఎంత పెట్టాలో వేలితో నొక్కి మోగించి చూసుకుంటారు, ఎక్కువైతే గిల్లి తీసేస్తారు. కుడి వైపు అంచు మీద రాయితో, చిన్న కర్రముక్కతో కొట్టుకుంటూ చుట్టూ తిరిగి వస్తారు, పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కిందనుంచి కొడితే తగ్గుతుంది. మన వైజాగ్ ఉక్కకి చర్మం తేమ పీల్చి సాగిపోతుంది, శ్రుతి దిగిపోతుంది, అందుకే ఇక్కడ ఆరుబయట పందిట్లో వాయించేవాళ్లు పాటకీ పాటకీ మధ్య మళ్లీ మళ్లీ రాయి తీస్తుంటారు. ఏసీ హాల్లో దానికి రివర్సు, బిగుసుకుపోతుంది. కంజీర (చేత్తో పట్టుకు వాయించే చిన్న చర్మవాద్యం) వాళ్లైతే కావాలనే చర్మానికి నీళ్లు రాసి శ్రుతి దింపుకుంటారు. ఇవన్నీ కళ్లతో చూసిన పిల్లకి మర్నాడు సినిమాలో మృదంగం వినపడితే అది ఇంక ఊరికే చప్పుడు కాదు.

సీతమ్మధార_టీచరమ్మ:
పైన చెప్పినవన్నీ బాగున్నాయి బాబూ, నాది ఒక్క మాట. సెలవుల్ని క్లాసు చేసెయ్యకండి. పిల్ల ఇప్పుడే పరీక్షలు రాసి వచ్చింది, ఏడాదంతా స్టడీ అవర్సే. సినిమాకి వెళ్తే సినిమా చూడనివ్వండి, మధ్యలో చెవిలో ఇది ఫలానా రాగం అని చెప్పకండి. ఇంటికొచ్చాక తనే హమ్ చేసుకుంటుంటే అప్పుడు చెప్పండి. అలాగే కచేరీలో గంట విని చాలు అంటే లేచి వచ్చెయ్యండి, మీరు వినాలనుకుంటే మీ ఇంట్లో వాళ్లని ఎవరినైనా తోడిచ్చి పంపెయ్యండి. రెండున్నర గంటలు కూర్చుంటేనే విన్నట్టు అని ఎవరూ రాసి పెట్టలేదు. నా దగ్గర చదివిన పిల్లల్లో సంగీతం వదిలేసినవాళ్లలో చాలామంది పెద్దవాళ్ల పట్టుదల వల్లే వదిలేశారు, ఇది నేను దగ్గర్నుంచి చూశాను.

ఎంవీపీ_మావయ్య:
టీచరమ్మ గారూ మీ మాట తప్పకుండా పాటిస్తాను. మృదంగం గారూ మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు, నిన్న రాత్రి డాబా మీద పడుకుని మోహన మూడు పాటలూ వరసగా పెట్టాను, నేనేమీ చెప్పలేదు, రెండో పాట సగంలోనే "ఇది కూడా లాహిరిలా ఉంది మావయ్యా" అంది. నా ఒళ్లు పులకరించింది నిజంగా. ఒక సందేహం. అన్నమయ్య పాటలు ఒక్కొక్కరు ఒక్కో వరసలో పాడుతున్నారు, ఒకే పాట రెండు రాగాల్లో విన్నాను. ఇందులో అసలుది ఏది అని పిల్ల అడిగింది.

విజీనారం_వీధి:
దానికి నేను చెప్తాను. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు, తిరుమల గుళ్లో భాండాగారంలో ఉండిపోయి చాలా కాలానికి బయటికొచ్చాయి. రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, వరస ఎలా పాడాలో మాత్రం లేదు. కాబట్టి ఇవాళ మనం వినేవాటిలో చాలా మటుకు 20వ శతాబ్దంలో పెద్దలు కూర్చి కట్టిన వరసలే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, మన నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు, ఇలా. అందుకే ఒకే పాటకి రెండు వరసలు. అసలుది ఏది అని కాకుండా ఇది ఎవరు కట్టిన వరస అని అడగమనండి, పాడినవాళ్లని కచేరీ అయ్యాక అడిగినా సంతోషంగా చెప్తారు.

మన నేదునూరి అని ఎందుకన్నానంటే, ఆయన చదువుకున్నది మా విజయనగరం సంగీత కళాశాలలో, చివరి రోజులు గడిపింది మీ విశాఖలో, 2014లో అక్కడే పోయారు. సంగీత కళానిధి అందుకున్న మనిషి మీ ఊరి వీధుల్లో తిరిగారని పిల్లకి చెప్పండి.

అసలు ఈ సెలవుల్లో ఒక్కరోజు ఆ పిల్లని మా ఊరు తీసుకురండి, నా మాట వినండి. కాంప్లెక్స్ నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి, రైలైనా సరే, అరవై కిలోమీటర్లు. మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథా పితామహుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు, తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. సినిమా పిచ్చి ఉన్న పిల్లకి ఇంకా దగ్గరగా చెప్పాలంటే, ఘంటసాల అక్కడే నేర్చుకున్నారు. ఇల్లు వదిలి వచ్చి, మధుకరం ఎత్తి, వారాలు చేసుకుని తిని చదువుకున్నారు ఆయన. మీ పిల్ల పాడే లాహిరి లాహిరి పాడిన గొంతు ఆ గదుల్లో సరళీ స్వరాలు పాడింది అన్నమాట. సుశీలమ్మ గారిది కూడా మా ఊరే. శంకరాభరణంలో శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు మా ఊళ్లో కన్యాశుల్కం ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు, అందులో రామప్ప పంతులు ఆయనే, గిరీశంగా వేసింది ఆయన తమ్ముడు రమణమూర్తి గారు. ఆ సినిమా చూశాక ఈ ఊళ్లో తిరిగితే మీ పిల్లకి కచేరీ, నాటకం, సినిమా వేరు వేరు లోకాలు అనిపించవు. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు అవి ఎప్పుడూ వేరు కాదు.

సెలవుల్లో కాలేజీ తెరిచి ఉంటుందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి, అది ఒక్కటి చూస్కోండి.

ఎంవీపీ_మావయ్య:
ఉత్సవం మొదటి రెండు రోజులు అయ్యాయి, ఎలా జరిగిందో చెప్పాలి కదా మీ అందరికీ.

గోష్ఠిగానానికి పొద్దున్నే వెళ్లాం. అంతమంది ఒకేసారి భావములోనా బాహ్యమునందును ఎత్తుకునేసరికి పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని చూసింది, బ్రహ్మ కడిగిన పాదము వచ్చేసరికి తనూ గొంతు కలిపేసింది, పక్కనున్న పెద్దావిడ పుస్తకం ఇద్దరికీ మధ్యలో పట్టుకుంది. సాయంత్రం అయిదున్నరకే వెళ్లి మృదంగం వైపు కూర్చున్నాం. రవ్వ ముద్ద అతికించడం చూసి "ఉప్మా రవ్వేనా మావయ్యా" అని అడిగితే మృదంగం ఆయన విని నవ్వి, దగ్గరికి పిలిచి ఒకసారి తొప్పి మీద వేలు పెట్టనిచ్చారు. ఇంక చూస్కోండి, కచేరీ అంతా ఆయన చేతుల మీదే దాని కళ్లు. మధ్యలో ఆయన మూడుసార్లు రాయి తీశారు, ప్రతిసారీ నా మోచెయ్యి గిల్లింది. తనిలో తాళం తప్పకుండా వేసింది, ఒకచోట తప్పినా పక్కవాళ్ల చెయ్యి చూసి మళ్లీ పట్టుకుంది. ప్రధాన కృతి కాంభోజి రాగంలో, ఆ ఆలాపన బాగా పెద్దది, అక్కడ మాత్రం కొంచెం కదిలింది, నేను వెళ్దామా అంటే తని అయ్యాక అంది. టీచరమ్మ గారూ నేను ఒక్క మాట కూడా అనలేదు.

రెండో రోజు మధ్యాహ్నం జగదాంబలో సినిమా, మధ్య సీట్లే దొరికాయి. బయటికి రాగానే ఒక పాటలో మృదంగం అసలుదో కీబోర్డుదో అని వాదన పెట్టుకుంది. నాకు తేల్చడం రాలేదు, మీలో ఎవరికైనా తెలుస్తుందా అలాంటిది?

రేపు వీణ కచేరీ. ఆ తర్వాతి వారం విజయనగరం ఖాయం చేశాం, వాళ్లమ్మ కూడా రాజాం నుంచి వచ్చి కలుస్తానంది. బొబ్బిలి వీణలు చేసే ఊరు కూడా అదే రోజు చూసి రావడం కుదురుతుందా?

విజీనారం_వీధి:
ఒకే రోజు పెట్టుకోకండి, హడావుడి అవుతుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేస్తారు వీణలు, అక్కడికి పొద్దున్నే వెళ్తేనే పని చేస్తుండగా చూడొచ్చు. పనస చెట్టు మొదలు ఒకే ముక్కలోంచి కుండ, దండి కలిపి చెక్కుతారు, ఏకాండి అంటారు. మెట్లు మైనంలో కూర్చడం చూపించమని అడగండి, ఈ ఎండాకాలంలో ఆ మైనం మెత్తబడుతుందని ఎంత జాగ్రత్తగా ఉంటారో వాళ్లే చెప్తారు. రాజాం నుంచి బొబ్బిలి దగ్గరే కాబట్టి, మీ అక్కగారు పిల్లని తిరిగి ఇంటికి తీసుకెళ్లే రోజున అది చూసుకుని వెళ్తే దారి కలిసొస్తుంది.

మృదంగం_వెనక_బెంచీ:
కీబోర్డుదా అసలుదా అన్నదానికి, ఎడమ చేతి గుంకీ వినమనండి. మనిషి వాయిస్తే తొప్పి మీద మణికట్టు నొక్కే కొద్దీ స్వరం జారుతుంది, ప్రతి గుంకీ కొంచెం వేరుగా ఉంటుంది. ప్రోగ్రామింగ్‌లో సాధారణంగా ఒకటే గుంకీ మళ్లీ మళ్లీ అచ్చం అలాగే వస్తుంది. మంచి శాంపిల్స్ వాడితే పట్టుకోవడం కష్టమే, కానీ ఇది వినడం మొదలుపెట్టిన పిల్ల పట్టుకుంటుంది. ఏ పాటో రాయండి, నేనూ వింటాను.